చెల్పూరు కరెంటు, గణపురం చెరువు



ఈ పూట మిమ్మల్ని ఒక ఊరికి తీసుకొనిపోతాను. ఊరి పేరు చెల్పూరు. పరకాల నుంచి భూపాలపల్లికి పోయే రోడ్డు మీద, గణపురం మండలంలో ఉన్నది. ఒకప్పుడు వరంగల్ జిల్లా. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పటి నుంచి భూపాలపల్లి జిల్లా. తెలియనివాడు కూడా ఈ ఊరిని దూరం నుంచే పోల్చుకోగలడు. పత్తిచేలు, వరిమళ్ళు దాటి తలెత్తి చూస్తే పొగగొట్టం కనబడుతుంది. అది కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం.

ఈ కేంద్రంలో మొదటి యూనిట్ 500 మెగావాట్లది. 2010లో పనిలోకి వచ్చింది. రెండవది 600 మెగావాట్లది, 2016లో వచ్చింది. రెండూ కలిపి 1100 మెగావాట్లు. రైతు భాషలో చెప్పాలంటే, అయిదు గుర్రాల మోటార్లు దాదాపు మూడు లక్షలు ఒక్కసారి నడవడానికి లెక్కకు సరిపోయే శక్తి. బొగ్గు ఎక్కడిది? పక్కనే భూపాలపల్లిలో సింగరేణి గనులున్నాయి గదా! ఆ గనులకు కాకతీయ ఖనులని పేరు. ఆ భూమి కడుపులోని బొగ్గు చెల్పూరులో కరెంటై, తీగలమీద మన బావుల దగ్గరికి వస్తున్నది.

ఇక అదే మండలంలో గణపురం చూడండి. అక్కడ కోటగుళ్ళున్నాయి. రాతి ప్రాకారం లోపల చిన్నవీ పెద్దవీ గుళ్ళు, నడుమ గణపేశ్వరాలయం. ఆ ఊరికే గణపసముద్రమనే పెద్ద చెరువున్నది. 1199 నుంచి 1262 వరకు ఏలిన కాకతి గణపతిదేవుని పేరే ఇక్కడ గుడికీ చెరువుకూ నిలిచింది. ములుగు వైపు సాగితే పాలంపేట. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన రామప్ప గుడి అక్కడిదే. దానిని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించాడు. గుడి చూడవచ్చినవారు పక్కనున్న చెరువును చూసి అందంగా ఉన్నదని పోతారు. రైతు మాత్రం దాని తూమును చూడాలి, మత్తడిని చూడాలి. లక్నవరం, పాకాల కూడా ఈ ప్రాంతపు చెరువులే.

కాకతీయులు ఇన్ని చెరువులు ఎందుకు కట్టించారు? మన తెలంగాణలో గోదావరి లోతున పారుతుంది, పొలాలు ఎత్తున ఉంటాయి. నదిని పైకి తెచ్చే యంత్రం ఆనాడు లేదు. కాబట్టి పడ్డ చినుకును పడ్డచోటనే ఆపారు. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీరు కింది చెరువుకు పోయేటట్లు గొలుసుగా కట్టారు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ఒక్క మండలంలోనే ఒకపక్క కరెంటు పుట్టే ఊరు, ఒకపక్క నీరు నిలిచే ఊరు ఉన్నాయి. ఈ రెండింటిలో మన సేద్యానికి ఏది మూలం? 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల ఉచిత కరెంటు వచ్చింది. అప్పటి నుంచి చాలామందికి కరెంటే నీళ్ళన్నట్లు అనిపిస్తున్నది. కాని సోదరులారా, కరెంటు నీటిని పైకి తోడుతుందే గాని నీటిని పుట్టించదు.

కొంచెం లెక్క చేద్దాం. ఎకరం పొలంలో ఒక అంగుళం లోతు నీరు నిలపాలంటే లక్ష లీటర్లు కావాలి. మీ బోరు గంటకు పదివేల లీటర్లు పోస్తుందనుకోండి. పది గంటలు నడవాలి. అయిదు గుర్రాల మోటారు పది గంటలకు సుమారు 37 యూనిట్లు తింటుంది. థర్మల్ కేంద్రంలో ఒక యూనిట్‌కు ముప్పావు కిలోకు కొంచెం తక్కువగా బొగ్గు కాలుతుంది. అంటే అంగుళం నీటికి పాతిక కిలోల బొగ్గు! యాసంగి వరికి అంతా కలిపి 1200 మిల్లీమీటర్లు, అనగా దాదాపు 48 అంగుళాల నీరు పడుతుంది. ఒక్క ఎకరం వరికి పన్నెండు క్వింటాళ్ళ బొగ్గు! పండిన వడ్ల బస్తాల పక్కన ఆ బొగ్గును కూడా కుప్పపోసి ఒకసారి మనసులో చూసుకోండి.

రెండో లెక్క. మన ప్రాంతంలో మంచి సంవత్సరం వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అంటే ఎకరానికి నలభై లక్షల లీటర్లు. బొగ్గు లేదు, మోటారు లేదు, బిల్లు లేదు. అందులో ఎంత నిలుపుకొంటున్నాము?

“ఏంది సారూ, కరెంటు ఉత్తగనే వస్తుంటే ఈ లెక్కలెందుకు మాకు?” అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. కరెంటు ఉత్తగ రావచ్చు. బోరు వేయించిన అప్పు ఉత్తగ రాలేదు గదా! చెరువు నిండిన ఏడు దాని కింది బావులు, బోర్లు ఊటతో ఉంటాయి. చెరువెండిన ఏడు మోటారు ఇరవైనాలుగు గంటలూ నడిచినా గాలే పోస్తుంది. అప్పుడు మరో బోరు, మరింత లోతు, మరో అప్పు. ఈ దారిన పోయి ఇల్లు గుల్ల చేసుకొన్నవారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

కాబట్టి ఈ ఎండకాలం నాలుగు పనులు చేయండి.

మొదటిది, చెరువులోకి వరద తెచ్చే కట్టుకాలువ వెంట ఊరంతా కలిసి నడవండి. ఎక్కడ పూడింది, ఎవరు దున్ని కలుపుకొన్నారు చూడండి. కాలువ మూసుకొంటే చెరువు ఎంత లోతు తవ్వినా గిన్నె ఖాళీయే. కట్ట మీద మొలిచిన చెట్లు, తూము దగ్గరి బుంగలు వానలకు ముందే చూసుకోవాలి.

రెండవది, పూడికమట్టి. 2015 మార్చి 12న మొదలైన మిషన్ కాకతీయలో రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను బాగుచేయ సంకల్పించి, తీసిన మట్టిని పొలాలకు తోలుకోమన్నారు. మన తాతలు బండ్లతో తోలిన మట్టే అది. ఎర్రచెలకలకూ దుబ్బనేలలకూ ఇది మేలు. తడిని పట్టి ఉంచుతుంది. నల్లరేగడికి అవసరం తక్కువ. ముందు మట్టి పరీక్ష చేయించి, చౌడు లేదని తెలుసుకొని, పలుచగా పరచి దున్నండి.

మూడవది, వరికి తడి-పొడి పద్ధతి. అడుగు పొడవు పైపుకు కింది సగం రంధ్రాలు వేసి మడిలో పాతండి. లోపల నీరు నేలమట్టానికి ఆరు అంగుళాల లోతుకు దిగిన తరువాతనే మళ్ళీ తడి పెట్టండి. పూత, పాలుపోసుకొనే దశలో మాత్రం మడి ఎండనీయరాదు. బోరు కింద రెండో పంటకు వరి తగ్గించి మొక్కజొన్న, పెసర వేస్తే ఇంకా మంచిది.

నాలుగవది చిన్న పని. స్టార్టరుకు తగిలించిన ఆటోమేటిక్ డబ్బా తీసివేయండి. మనిషి లేకుండా రాత్రంతా నడిచే మోటారు రేపటి నీళ్ళను ఈ రోజే పారబోస్తుంది.

విస్తరణాధికారి మిత్రులకు ఒక మాట. రైతువేదికలో ఈ బొగ్గు లెక్క బల్లమీద రాసి చూపండి. ఉపన్యాసం మరిచిపోతారు, పన్నెండు క్వింటాళ్ళు మరిచిపోరు.

చెల్పూరు ఊరికి కేంద్రం వెలుగు తెచ్చింది, రోడ్డు మీద సందడి తెచ్చింది. సంతోషమే. కాని గనిలో తవ్విన బొగ్గు మళ్ళీ రాదు. చెరువులో నీరు మాత్రం ప్రతి ఏడూ వస్తానంటున్నది. తలుపు తీసి ఉంచవలసింది మనం. ఈసారి ఆ దారిన పోయినప్పుడు పొగగొట్టం చూసి ఆగిపోక, గణపురం కట్ట మీదికి కూడా వెళ్ళి రండి. వచ్చినాక మీ ఊరి చెరువు కట్ట ఎక్కండి.

సెలవు.