ఒకే తేదీ, మూడు ఘట్టాలు
(ధమ్మచక్ర ప్రవర్తన దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



హిందువుగా పుట్టినప్పటికీ హిందువుగా మరణించబోనని డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ 1935 అక్టోబర్ 13న యేవలాలో ప్రకటించారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆ మాట నెరవేరింది. నడుమ గడిచినవి 21 సంవత్సరాల ఒక్క రోజు. ఆనాడు బాబాసాహెబ్, సవితా అంబేద్కర్ గారు చంద్రమణి మహాస్థవిరుల వద్ద త్రిశరణ పంచశీలాలను స్వీకరించారు. పిదప బాబాసాహెబ్ తమ వెంట నడచిన లక్షలాది జనుల చేత 22 ప్రతిజ్ఞలు చేయించారు.

అదే తేదీన లోకంలో మరి రెండు ఘట్టాలు జరిగాయి. 1962లో అమెరికా గూఢచారి విమానం క్యూబాలోని సోవియట్ క్షిపణి స్థావరాలను ఫోటోలు తీసింది. రెండు వారాలలోపే మానవజాతి అణుయుద్ధపు అంచున నిలిచింది. 1964లో 35 ఏళ్ల మార్టిన్ లూథర్ కింగ్‌కు నోబెల్ శాంతి బహుమతి ప్రకటించారు. నాగపూర్‌లో దీక్ష జరిగిన నాటికి, ఆయన నాయకత్వాన మాంట్‌గోమరీ నల్లజాతి ప్రజలు అవమానాన్ని సహించలేక పది నెలలుగా బస్సులెక్కడం మానుకొని ఉన్నారు.

తేదీకే మహిమ ఉన్నట్లయితే ఒకే అక్టోబర్ 14 విముక్తిని, వినాశభయాన్ని రెంటినీ ఎట్లు ఇవ్వగలదు? మంచిచెడ్డలు మనుషుల చేతలలో ఉన్నాయి.

నక్షత్ర జాతక కథ మనకు తెలిసినదే. నక్షత్రం బాగులేదన్న మాట నమ్మి వరుని వారు పెళ్లికి పోలేదు. వధువు వారు అదే రోజున ఆమెను వేరొకరికిచ్చి పెళ్లి చేశారు. వేల ఏళ్లు గడిచినా, దీక్ష తీసుకున్న కొన్ని ఇళ్లలో నేటికీ పంచాంగం చూడనిదే పెళ్లి పందిరి లేవదు.

మరి బాబాసాహెబ్ విజయదశమి నాడే దీక్ష తీసుకోలేదా అని కొందరు మనలను ప్రశ్నిస్తారు. తీసుకున్నారు. అశోకుని ధమ్మ విజయాన్ని స్మరిస్తూ మనం ఆ రోజును అశోక విజయదశమి అంటున్నాము. స్మరణ కోసం రోజును ఎంచుకోవడం వేరు, శుభం కలుగుతుందని ఎంచుకోవడం వేరు. మొదటిది మనకు కర్తవ్యాన్ని గుర్తు చేస్తుంది. రెండవది ఆ కర్తవ్యాన్ని గ్రహాలకు అప్పగిస్తుంది.

కనుక ఈ సంవత్సరం మన ఇళ్లలో జరుగబోయే పెళ్లిళ్లకు అందరికీ వీలైన రోజునే మంచి రోజుగా ఎంచుకుందాము. బంధువులు అడిగితే కారణం మృదువుగా చెబుదాము. బాబాసాహెబ్ 21 ఏళ్లు నిలబెట్టుకున్న మాటకు మనం చేయగల గౌరవం ఇట్టి చేతలలోనే ఉంది.

నమో బుద్ధాయ! జై భీమ్!