దాచడం ఒక పూట, కాపాడడం ఏళ్ల తరబడి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనవలతో కాలక్షేపం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను చెప్పబోయే ఆట పేరు జియోక్యాషింగ్. క్యాష్ అనగానే డి.ఏ. బకాయిలు వచ్చాయేమోనని కొందరు మిత్రులు నిటారుగా కూర్చున్నారు. క్షమించాలి, ఈ క్యాష్ ఆ క్యాష్ కాదు. పలకడానికి ఒకటే గాని, ఇంగ్లీషులో ఈ మాటకు దాచిపెట్టిన సరుకు అని అర్థం.

ఆట చాలా సులువు. ఒకరు చిన్న డబ్బాలో నోటుపుస్తకం, పెన్సిలు పెట్టి ఒకచోట దాస్తారు. ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో ప్రకటిస్తారు. ముక్కూమొహం తెలియని మరొకరు ఫోను చూసుకుంటూ వెళ్లి వెతికి, పుస్తకంలో పేరూ తేదీ రాసి, డబ్బాను ఉన్నచోటే పెట్టి వస్తారు. లోపలి బొమ్మ ఏదైనా తీసుకుంటే, అంతకు తక్కువ కాని వస్తువు బదులు పెట్టాలి. మన చిన్నతనంలో ఇసుకలో పుల్ల దాచి, ఎక్కడుందో చెప్పమనేవాళ్లం. ఇదీ అదే. ఇసుక గుట్టకు బదులు భూగోళం వచ్చింది, అంతే.

ఈ సరదా పాతదే. ఇంగ్లండులో డార్ట్‌మూర్ అనే బీడు ప్రాంతంలో 1854లో జేమ్స్ పెరాట్ అనే ఆయన ఒక సీసా ఉంచాడు. అంతదూరం నడిచివచ్చినవారు అందులో తమ కార్డు వేసి వెళ్లేవారు. ఇక ఉపగ్రహాల సంగతి. పౌరులకు అందే జి.పి.ఎస్. సంకేతాలను అమెరికా ప్రభుత్వం చాలాకాలం కావాలనే మసకబరిచి ఉంచింది. సుమారు 100 మీటర్ల తేడా వచ్చేది. 2000 మే 2న ఆ మసక తీసేశారు. ఆ మర్నాడే ఆరెగన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక బకెట్టును అడవిలో దాచి, ఆ చోటి అంకెలు ప్రకటించాడు. ఆట అలా మొదలైంది.

నేను సర్వే శాఖలో ఉద్యోగం చేసినవాణ్ణి. 66 అడుగుల గొలుసు, 100 లింకులు, చేలగట్ల మీద రాళ్లు, ఇవే నా జీవితం. అందుకని మా అమ్మాయి, మనవడు హైదరాబాదు నుంచి వేసవి సెలవులకు వచ్చి ఈ ఆట సంగతి చెప్పినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. అయితే అమ్మాయి ఒక షరతు చెప్పింది. "నాన్నా, సెలవులకు వచ్చి డబ్బా దాచేసి వెళ్లిపోతామంటే ఒప్పుకోరు. దగ్గర్లో ఉండి చూసుకునే మనిషి కావాలి. మీరు ఒప్పుకుంటేనే పెడతాం" అంది. ఈ షరతు నాకు బాగా నచ్చింది. మన 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టంలోనూ ఇదే నీతి ఉంది. రాయి పాతించేది శాఖ, దాన్ని కాపాడుకునే బాధ్యత పట్టాదారుది.

మా మిత్రుడి చిన్నరసాల తోటలో చోటు ఎంచుకున్నాం. మీకు తెలియనిది కాదు, మన నూజివీడు ప్రాంతంలో తోట ఒకరిది, ఆ ఏటి కాపు మరొకరిది. అందుకని రైతునూ అడిగాం, కాపు కొనుక్కున్న వ్యాపారినీ అడిగాం, రాత్రి కావలివాడికీ చూపించాం. లేకపోతే కాయలకు వచ్చిన దొంగలనుకుంటాడు! నేల తవ్వి పాతకూడదు. తినే వస్తువు పెడితే చీమలు పడతాయి. బస్‌స్టాండు, బడి, గుడి వంటి చోట్ల పెడితే అనుమానపు వస్తువని పోలీసులు రావలసి వస్తుంది. అందుకే లోపలిది బయటికి కనిపించే డబ్బా తీసుకుని, "ఇది పిల్లల ఆట డబ్బా, ప్రమాదం లేదు" అని తెలుగులో రాసి అంటించాం. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలట. మా దరిదాపుల్లో మరొకటి లేదు కాబట్టి ఆ చిక్కు రాలేదు.

చెట్ల గుబురు కింద ఫోను ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తుంది. ఒక్క కొలతను నమ్మవద్దని నా సర్వీసంతా నేర్చుకున్న పాఠం. మనవడి చేత ఉదయం, సాయంత్రం, మర్నాడు కొలిపించి సగటు కట్టించాను. లెక్కల పుస్తకం ముట్టని పిల్లవాడు ఆ సగటు మాత్రం మూడుసార్లు సరిచూశాడు.

వాళ్లు వెళ్లిపోయాక నా పని మొదలైంది. తొలకరికి ముందు మూత బిగువు చూడాలి. వానలు వెలిశాక చెమ్మ పీల్చే పొట్లాలు మార్చాలి. తడిసిన కాగితాలు ఆరబెట్టాలి. ఎర్ర చీమలు పక్కనే గూడు కట్టాయేమో చూడాలి. ఎవరైనా "దొరకలేదు" అని రాస్తే వెళ్లి ఉందో లేదో చూసి జవాబివ్వాలి. మనం ఏటా బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకుంటాం కదా, డబ్బా తరఫున నేను ఇచ్చేది కూడా అదే. వచ్చినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అయినా చూసి వచ్చిన రోజు సాయంత్రం మనవడు ఫోను చేస్తాడు. అంతకుముందు "బాగున్నావా తాతయ్యా" అని ఫోను వాళ్లమ్మకి ఇచ్చేసేవాడు. ఇప్పుడు చీమల గూడు దగ్గర మొదలుపెట్టి పావుగంట మాట్లాడతాడు.

రెండో ఏడు దసరా ముందు మా మిత్రుడు కబురు చేశాడు. పూత నిలవడం లేదు, ధర గిట్టడం లేదు, చెట్లు కొట్టించి ఆయిల్‌పామ్ వేస్తున్నానని. ఇలాంటి తోటలు మన చుట్టుపక్కల మీరూ చూస్తూనే ఉన్నారు. ఆయన కష్టం ఆయనది, తప్పు పట్టలేం. పిల్లవాడు సెలవులకు వచ్చి తన చేతులతోనే డబ్బా తీశాడు. ఎవరూ పనిగట్టుకుని వచ్చి మోడుల మధ్య వెతుక్కోకూడదని, ఈ డబ్బా తీసేశామని ఆ రాత్రే ప్రకటించాడు. తర్వాత అడిగాడు: "తాతయ్యా, అక్కడ చెట్టు ఉండేదని ఇక ఎవరికి తెలుస్తుంది?" నోటుపుస్తకం వాడి చేతిలో పెట్టాను. తేదీలు, పేర్లు, చెట్టు పేరు, అంకెలు అన్నీ అందులో ఉన్నాయి. 2022లో మన నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారింది. తోటలూ మారుతున్నాయి. 16.78 ఉత్తరం, 80.85 తూర్పు మాత్రం అక్కడే ఉన్నాయి. ఆ చోటులో ఏముండేదో రాసిపెట్టే మనిషి ఉంటే చాలు.

ఇప్పుడు మరొక మిత్రుడి బంగినపల్లి తోటలో, పాత గిలకబావికి దూరంగా గట్టు మీది రాళ్ల సందున కొత్త డబ్బా ఉంది. అనుమతులన్నీ మామూలే. నా మోకాళ్లు మాత్రం మామూలుగా లేవు. ఈ ఆటలో ఒక మంచి ఏర్పాటు ఉంది. చూసుకోలేనివారు తమ డబ్బాను మరొకరికి అప్పగించవచ్చు. దాన్ని వాళ్లు దత్తత అంటారు. మనవడు పెద్దవాడై, ఎక్కడ స్థిరపడినా, ఇక్కడ చూసుకునేవారు ఒకరు ఉండాలి.

కనుక నా మనవి ఒక్కటే. మీ పిల్లలు, మనవలు వచ్చినప్పుడు ఒక పూట వాళ్లతో కలిసి దాచండి. వాళ్లు వెళ్లాక మీరు కాపాడండి. ఉత్తరం రాసే అలవాటు పోయినా, చెప్పుకోవడానికి ఒక కబురు మిగులుతుంది. నడకకు ఒక కారణం దొరుకుతుంది. నాతోపాటు ఒకసారి తోటకు వచ్చి చూస్తామనేవారు, ఓపిక ఉంటే దత్తత తీసుకుంటామనేవారు, టీ విరామంలో నాకు పేరు ఇవ్వండి. సంకోచం అక్కర్లేదు, డిపాజిట్టు ఏమీ లేదు.