పథ్యమునకు ముందు నిర్ణయము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మేము భాషను గూర్చియో విద్యను గూర్చియో ప్రసంగింతుమని మీరు తలచియుందురు. ముప్పది సంవత్సరములకు పైగా బడిపిల్లలకు సంధులు, సమాసములు చెప్పినవారినుండి మఱియేమి యాశింపవచ్చును? కాని కార్యదర్శిగారు విషయమును మా యిచ్చకే విడిచినందున, మన పంక్తిభోజనములకును, మన విద్యార్థి వసతిగృహమునకును, మన బిడ్డల యారోగ్యమునకును సంబంధించిన యొక సంగతిని విన్నవింప నిశ్చయించితిమి. అది సీలియాక్ వ్యాధి. పేరు క్రొత్తది, బాధ ప్రాతది. మేము వైద్యులము కాము. ఈ వ్యాధిని పొంది, దాని పేరు తెలిసికొనుటకు మూడేండ్లు తిరిగినవారము. ఆ యధికారముతోనే మాటలాడుచున్నాము.

గోధుమలు, యవలు, రై యను మూడు ధాన్యములయందు గ్లూటెన్ అను మాంసకృత్తు కలదు. పిండిని తడిపి మర్దించినప్పుడు అది తెగక సాగుటకు కారణమైన జిగట యిదియే. వంశక్రమమున వచ్చిన యొకవిధమైన దేహతత్త్వము గల కొందఱికి ఇది సరిపడదు. దేహరక్షణకై యేర్పడిన శక్తియే చిన్నప్రేగు లోపలి పొరపై తిరుగబడును. ఆ పొరయందు ఆంత్రచూషకములను సన్నని వ్రేళ్లవంటి నిర్మాణములు వేలకువేలు కలవు. అన్నసారమును గ్రహించునవి యవియే. అవి క్రమముగా క్షీణించి, పొర చదునైపోవును. అప్పుడు మనుష్యుడు కడుపునిండ తినుచుండియు నుపవాసియే యగును. కొందఱికి విరేచనములు, కడుపుబ్బరము, కృశత్వము కలుగును. కొందఱికి కడుపులో నేబాధయు లేక, ఎన్ని యినుపమాత్రలు మ్రింగినను తగ్గని రక్తహీనతయో, ఎముకల బలహీనతయో, పిల్లలయందైనచో ఎదుగుదల లేకుండుటయో మాత్రమే కనబడును. కావుననే యిది గూఢవ్యాధి.

ఉదరవాచకమైన గ్రీకు శబ్దమునుండి దీని పేరు పుట్టినది. క్రీస్తుశకము రెండవ శతాబ్దమువాడగు అరెటేయస్ అను వైద్యుడు ఈవిధమైన రోగమును వర్ణించెను. 1888వ సంవత్సరమున లండనునగర వైద్యుడు సామ్యూల్ గీ దీనిని విశదముగా వ్రాసి, ఇది కుదురుటన్నది యున్నచో ఆహారమువలననే కుదురవలెనని సూచించెను. ఏ యాహారమో యాయనకు తెలియలేదు. దానిని తెలిపినవాడు హాలండు దేశపు శిశువైద్యుడు విల్లెమ్ డికె. 1944-45 శీతకాలమున యుద్ధమువలన ఆ దేశమున రొట్టె దొరకక జనులు క్షామబాధ ననుభవించిరి. లోకమెల్ల చిక్కిపోవుచుండగా ఈ రోగముగల పిల్లలు కొందఱు తేఱుకొనిరి. రొట్టె మరల రాగానే రోగమును మరల వచ్చెను. గోధుమలపై అంతకు మున్నే యనుమానముగల యాయన 1950లో తన పరిశోధనగ్రంథమును వెలువరించెను.

మనదేశమున ఇది గోధుమరొట్టె తినెడి యుత్తరప్రాంతపు వ్యాధి యనియే వాడుక. ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతముల పెద్దలను పరీక్షించి 2016లో ప్రకటించిన యొక పరిశోధనమున, ఈ వ్యాధిని సూచించు ప్రతిరక్షకములు ఉత్తరమున నూటికి 1.23, ఈశాన్యమున 0.87, దక్షిణమున 0.10 చొప్పున రక్తమున కనబడినవి. కాని దీనికి చోటిచ్చు వంశలక్షణములు మాత్రము ఉత్తరమున నూటికి 38, దక్షిణమున 36 మందికి కలవు. అనగా నేల రెండుచోట్లను ఒక్కటియే. విత్తనము పడుటలో భేదము. ఉత్తరమున సగటున దినమునకు 455 గ్రాముల గోధుమ తినుచుండగా, దక్షిణమున తినునది 25 గ్రాములు. ఈశాన్యమున గోధుమవాడుక స్వల్పమే యయ్యు రోగసూచనలు హెచ్చుగా నుండుటచేత, గోధుమ యొక్కటియే సమస్తకారణమని చెప్పరాదు. అయినను మన వరియన్నము మనలననేకులను కాపాడినదని తలచుట యనుచితము కాదు.

ఆ కాపుదల యిప్పుడు సడలుచున్నది. మన యిండ్లలో ఏబదియేండ్లు దాటినవారి రాత్రిభోజనమును చూడుడు. రక్తమున చక్కెర హెచ్చినదనగానే అన్నము మాని చపాతీ, ఉదయమున గోధుమరవ్వ యుప్మా. మాకును అట్లే జరిగినది. 2018లో ఉద్యోగవిరమణము చేసితిమి. మఱుసటియేట మధుమేహము బయటపడగా, రెండుపూటలు గోధుమాహారమునకు మాఱితిమి. ఏడాది తిరుగకమున్నే దినమునకు ఐదాఱు విరేచనములు, భోజనానంతరము డోలువలె నుబ్బెడి కడుపు, మెట్లెక్కలేని యాయాసము ప్రాప్తించినవి. 68 కిలోల దేహము 57కు దిగెను. రక్తపరీక్షలో హిమోగ్లోబిను 8.4 అనిరి. ఒక వైద్యుడు అమీబాకును, ఒకరు నులిపురుగులకును మందిచ్చిరి. ఇంకొకరు మధుమేహపు మాత్రలవలననే యనిరి. వేఱొకరు, ఉద్యోగము మానిన పెద్దలకు మనోవ్యాకులతచేత ఇట్లగుట సహజమని సెలవిచ్చిరి. వరి తినెడి దేశమున ఈ వ్యాధి యెవరికిని వెంటనే స్ఫురింపదు. స్ఫురింపనిదానికి పరీక్ష యెవరు వ్రాయుదురు?

2022లో హైదరాబాదునందలి జీర్ణకోశవైద్యులొకరు మా రక్తహీనతను చూచి, “తమరు గోధుమ యెంతకాలమునుండి తినుచున్నారు?” అని యడిగిరి. ఆ ప్రశ్న యడుగుటకు మూడేండ్లు పట్టినది.

ఇక మా యుపన్యాసములోని ముఖ్యాంశమునకు వచ్చుచున్నాము. అనుమానము పుట్టగానే బంధువులందఱును, “గోధుమ నేడే మానివేయుడు” అని యుపదేశించిరి. అమెరికానుండి మా తమ్ముని కుమారుడు, “పెదనాన్నగారూ, ఇంకొక ముద్ద తినకండి” అని ఫోనులో బ్రతిమాలెను. వైద్యులు మాత్రము, “పరీక్షలు ముగియువఱకు మానవలదు” అనిరి. రక్తపరీక్షకును ప్రేగుపరీక్షకును నడుమ ఐదువారములు గడచినవి. ఆ యైదువారములును బాధపెట్టునదని యెఱిగియే గోధుమ తింటిమి. మా యింటివారు చపాతీ వడ్డించుచు, “విషమని తెలిసి వడ్డించెడి పాపము నాకేల?” యని కన్నీరు పెట్టుకొనిరి. వైద్యుల యనుమతిపై పరిమాణమును తగ్గించితిమే గాని యేదినమును మానలేదు. ఉప్పువేసిన మజ్జిగయు, గంజియు ఆధారముగా నుంటిమి. దూరప్రయాణములు విడిచితిమి. ఏపూట యేమి తింటిమో, ఏమి జరిగెనో ఒక పుస్తకమున వ్రాసికొంటిమి. ఆ పుస్తకము తరువాత వైద్యులకు మిక్కిలి యుపయోగపడినది.

ఇంత కష్టమెందుకని మీరడుగవచ్చును. కారణమిది. మొదటి పరీక్ష రక్తమందలి ప్రతిరక్షకములను కొలుచునది. 1997లో జర్మనీదేశ పరిశోధకులు టిష్యూ ట్రాన్స్‌గ్లూటమినేస్ అను పదార్థమును గుర్తించినందున ఈ పరీక్ష సుకరమైనది. దీనితోపాటు రక్తమందలి మొత్తము ఐజీఏను కూడ కొలువవలెను. అది పుట్టుకతోనే కొఱవడినవారికి ఈ పరీక్ష రోగమును దాచును. రెండవది, పెద్దలకు సామాన్యముగా చేయునది, ఎండోస్కోపీ గొట్టముద్వారా చిన్నప్రేగు మొదటిభాగమునుండి నాలుగైదు చిన్న తునకలు తీసి సూక్ష్మదర్శినితో చూచు బయాప్సీ. గోధుమ మానినచో ప్రతిరక్షకములు తగ్గును, పొరయు మాన నారంభించును. రోగికి మేలే, కాని సాక్ష్యము పోవును. బాలుడు పలకమీద తప్పుగా చేసిన లెక్కను ఉపాధ్యాయుడు చూడకమున్నే తుడిచివేసినచో, తప్పెక్కడ జరిగెనో యెవరు చెప్పగలరు?

మా సోదరి మనుమరాలు బెంగుళూరున నుద్యోగము చేయుచున్నది. ఆమె యెవరినో విని యెనిమిది మాసములు గోధుమ మాని, సుఖపడి, తరువాత పరీక్షకు పోయెను. వ్యాధి లేదని వచ్చెను. అది నిజముగా లేకపోవుటయో, మానుటచేత కనబడకపోవుటయో తేలలేదు. నిర్ణయము కావలెనన్నచో కనీసము 6 వారములు, ప్రతిదినము ఒకటికంటె నెక్కువ పూటలందు గోధుమ మరల తినవలెనని చెప్పిరి. ఆమెకు ఒక చపాతీకే రెండుదినములు మంచము పట్టవలసివచ్చుచున్నది. వంశలక్షణముల పరీక్ష యున్నది గాని, అవి లేనివారికి ఈ వ్యాధి దాదాపు ఉండదని చెప్పగలదే తప్ప, ఉన్నవారికి వ్యాధి కలదని చెప్పజాలదు. ఆమె నేటికిని సందేహమధ్యముననే యున్నది.

మన ప్రాచీనవైద్యశాస్త్రము రోగమును తెలిసికొనుటకు నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి యని యైదు సాధనములను చెప్పినది. ఉపశయమనగా, ఏ మందు, ఏ యాహారము హితముగా నుండెనో దానినిబట్టి గూఢరోగము నూహించుట. “గోధుమ మానితిని, సుఖముగా నున్నాను, కావున నాకిది కలదు” అనువారు ఉపశయమొక్కటియే ప్రమాణముగా గైకొనుచున్నారు. కాని గోధుమలో గ్లూటెన్ గాక ఫ్రక్టాన్లను వేఱు పదార్థములును కలవు. అవి యీ వ్యాధి లేనివారికిని ఉబ్బరము కలిగింపవచ్చును. మఱియు క్షయరోగము ప్రేగునకు సోకినను, జియార్డియా వంటి క్రిములు చేరినను, ఉష్ణదేశపు స్ప్రూ అను వ్యాధి కలిగినను లక్షణములు ఇట్లే యుండవచ్చును. వానిని గోధుమరోగమని తలచి యింట గూర్చుండినచో ప్రమాదము. ఐదు సాధనములు చెప్పిన పూర్వులు ఒక్కదానితో తృప్తిపడుమని చెప్పలేదు.

నిర్ణయము కావలసినందుకు ఇంకొక హేతువు. ఈ వ్యాధికి నేటికి స్థిరపడిన చికిత్స గ్లూటెనును యావజ్జీవము సంపూర్ణముగా విడుచుటయే. అనుమానముతో పట్టిన నియమము మొదటి పెండ్లిపంక్తిలోనే సడలును. “ఒక్క బొబ్బట్టుకేమగును?” అని పెద్దలనగా, నిశ్చయము లేనివాడు కాదనలేడు. వ్యాధి తేలినచో తల్లిదండ్రులను, తోడబుట్టినవారిని, బిడ్డలను కూడ పరీక్షింపవలెను. వారిలో నూటికి 5 మొదలు 10 మంది వఱకు ఈ వ్యాధి యుండుట కలదు. మా ఫలితము వచ్చిన పిదప మా కుమార్తెకు పరీక్ష చేయింపగా ఆమెకును తేలినది. పండ్రెండేండ్లనుండి ఆమెను పీడించిన రక్తహీనతకు అప్పుడు కారణము తెలిసినది. మేము పరీక్షకు ముందే గోధుమ మానియున్నచో ఆమె నేటికిని ఇనుపమాత్రలే మ్రింగుచుండెడిది.

నిర్ణయానంతరము అన్నము, జొన్న, సజ్జ, రాగి, కొఱ్ఱలకు తిరిగివచ్చితిమి. మూడువారములలో కడుపు శాంతించెను. ఏడాదికి హిమోగ్లోబిను 12.6 అయ్యెను. మధుమేహము పరిమాణనియమముతో అదుపునందే యున్నది. కాని గోధుమ దాగెడి చోట్లు తెలిసికొనుట యొక చదువే. బొంబాయిరవ్వ, సేమియా, మైదా, కాజాలు, బొబ్బట్ల పైపొర గోధుమయే యని గృహిణులకు తెలియును. ఇడ్లీరవ్వ బియ్యపుది గావున బాధలేదు. కాని బజారున దొరకెడి కూటు ఇంగువలో గోధుమపిండి కలుపుట కలదని యెందఱెఱుగుదురు? దానితో పులిహోరయు, పులుసును గూడ నిషిద్ధములగును. పిండిమరలో గోధుమలు విసరిన వెంటనే జొన్నలు విసరినచో ఆ జొన్నపిండియు పనికిరాదు. కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉన్నదానిని గ్లూటెన్ రహితమని మనదేశపు నిబంధన యంగీకరింపదు. గరిటె మాఱుటచేతనే ఆ మేర దాటవచ్చును.

ప్రసాదమును గూర్చి యొకమాట. సత్యనారాయణవ్రతమున గోధుమరవ్వ ప్రసాదమును నిరాకరించుటకు మా మనస్సు చాలకాలము గుంజాటనపడినది. వ్రతకథలోనే గోధుమపిండి లేనిచో వరిపిండి చేయవచ్చునని విధించియున్నది. శాస్త్రమే యిచ్చిన వికల్పమును కాదనుటకు మనమెవరము? ఇప్పుడు మా యింట బియ్యపురవ్వతోనే ప్రసాదము చేయుచున్నాము.

కావున సంఘపోషకులకు మా విన్నపములు. వసతిగృహమునందు బరువు పెరుగని, రక్తహీనత తగ్గని విద్యార్థులకు వైద్యుల సలహాపై ఈ రక్తపరీక్ష చేయించుటకు విద్యానిధినుండి కొంత ద్రవ్యము కేటాయింపుడు. సంఘభోజనములలో గోధుమ తగులని వంటకములను వేఱుపాత్రలలో, వేఱుగరిటెలతో, వేఱు ఇంగువతో సిద్ధముచేసి, పంక్తికి ముందుగనే ప్రకటింపుడు. ఇది అంటురోగము కాదు. సంబంధములు చూచునప్పుడు దాచవలసినదియు కాదు, దీనికై సంబంధము విడువవలసినదియు కాదు. వియ్యంకులకు చెప్పవలసినది ఒక్కటియే: మా పిల్లకు గోధుమ పెట్టవలదు, అన్నము పెట్టుడు. తెలుగువారికి ఇంతకంటె సులభమైన షరతు మఱియేది?

తుదకు మీ యింట నెవరికైన ఈ యనుమానము కలిగినచో ఈ క్రమమును జ్ఞాపకముంచుకొనుడు. మొదట వైద్యుని యొద్దకు పొండు. గోధుమ మానకయే పరీక్షలు చేయింపుడు. బాధ దుర్భరమైనచో మీరుగా మానక, వైద్యునికి తెలిపి పరీక్షను త్వరపెట్టింపుడు. వ్యాధి తేలిన పిదప ఒక్క కణమును ముట్టకుడు.

 సర్వే జనులు ఆరోగ్యవంతులగుదురు గాక.

స్వస్తి.