పాత మోటారుకారు దీపములలో షార్టు



మోటారుకారు దీపములు వెలుగకపోవుట యొక చిక్కు. దీపపు తీగలు మండుట వేరొక చిక్కు. మొదటిదానివలన దారి చీకటి యగును. రెండవదానివలన కారే బూడిద కావచ్చును. నేనీ పూట రెండవదానిని గూర్చి మనవి చేయదలచితిని. దృష్టాంతముగా ఫోర్డు కంపెనీవారి మోడల్ ఏ కారును గైకొందును. 1927 డిసెంబరులో వెలువడి, 1931 నాటి మాదిరితో ముగిసిన యీ కారులు 40 లక్షలకు పైగా తయారైనవి. నేటికిని కొన్ని అభిమానుల పోషణలో నడచుచున్నవి. దీని దీపముల యమరిక మిక్కిలి సులభమైనది గనుక చెప్పుటకు వీలుగా నుండును.

ఇంటి దీపమునకు రెండు తీగలు పోవును గదా! కారు దీపమునకు ఒక తీగయే చాలును. రెండవ తీగ పనిని ఇనుప చట్రము చేయును. మోడల్ ఏ కారులో 6 వోల్టుల బ్యాటరీ యొకటి డ్రైవరు పాదముల చెంత పలకల క్రింద నుండును. దాని ధనధ్రువము చట్రమునకు బిగింపబడియుండును. రుణధ్రువమునుండి బయలుదేరిన ప్రవాహము స్టార్టరు మీదుగా ఇంజను వెనుకగోడకున్న చిన్న పెట్టెకు వచ్చి, ఆమ్మీటరు దాటి, దీపములు చేరి, చట్రము గుండా బ్యాటరీకి తిరిగి వచ్చును. పెద్ద దీపపు బల్బులోని సన్నని తంతువు తూము వంటిది. తన గుండా సుమారు 3 ఆంపియర్లనే పోనిచ్చును. త్రోవలో తీగ తొడుగు చినిగి, లోని రాగి చట్రమును తాకినదనుకొనుడు. అది కాలువకు గండి పడినట్లే. తూము వరకు పోవలసిన పని లేదు గనుక ప్రవాహము వందల ఆంపియర్లకు పెరుగును. దీనినే షార్టు అందురు.

6 వోల్టులు మనుష్యుని తాకినను తెలియదు. అందుచేతనే పలువురు దానిని చులకన చేయుదురు. కాని తీగను ఎఱ్ఱగా కాల్చునది వోల్టుల సంఖ్య కాదు, ఆంపియర్ల సంఖ్య. పైగా ఈ కారులో సుమారు 40 లీటర్ల పెట్రోలు తొట్టి ఎచ్చట నున్నదనుకొనుచున్నారు? డ్రైవరు మోకాళ్ల యెదుట, ఆమ్మీటరు బిగించిన పలకకు వెనుకనే యున్నది! దీపముల తీగలన్నియు దాని చుట్టుప్రక్కలనే పోవును. ఇట్టి కారునకు కార్ఖానాలో ఫ్యూజు ఒక్కటియైనను పెట్టలేదు. నేటి యజమానులు స్టార్టరు వద్ద 30 ఆంపియర్ల ఫ్యూజు నొకదానిని తామే పెట్టుకొనుచున్నారు.

నా మిత్రు డొకరును అట్లే పెట్టించెను. రాత్రివేళ గతుకుల బాటలో ఆ ఫ్యూజు మూడుసార్లు కాలిపోయెను. నాలుగవసారి విసిగి, దాని స్థానమున లావైన రాగితీగ ముక్కను చుట్టెను. కొంతదూరము పోవునప్పటికి ఆమ్మీటరు ముల్లు ఖర్చు వైపు చివరకు పడిపోయెను. పలక క్రిందనుండి పొగ వచ్చెను. బ్యాటరీ తీగ ఊడదీయుదమన్న, నేలపలక లేవనెత్తవలెను గదా! ఆ రెండు నిమిషములు తన కెట్లు గడచినవో ఆయన ఇప్పటికిని చెప్పుచుండును. ఫ్యూజు కావలివాడు. కావలివాడు కేక వేసినాడని వానినే ఇంటికి పంపివేసినట్లయినది.

మరునాడు మేము దోషమును వెదకితిమి. మొదట కాలిన తీగలను మార్చి, పెట్రోలు మర కట్టివేసి, బ్యాటరీనుండి చట్రమునకు పోవు తీగను ముందుగా ఊడదీసితిమి. ముందుగా దానినే తీయుటలో కారణమున్నది. పనిముట్టు పొరపాటున ఇనుమునకు తగిలినను నిప్పురవ్వ పుట్టదు. పిమ్మట ఫ్యూజు తీసి, దాని రెండు కొనల నడుమ 6 వోల్టుల పెద్ద దీపపు బల్బు నొకదానిని కలిపి, ఊడదీసిన తీగను మరల బిగించితిమి. ఇదియే కీలకము. ఎక్కడ షార్టున్నను ఆ బల్బు దాటి 3 ఆంపియర్లకు మించి పోలేదు. ఏ తీగయు కాలదు. తీరికగా వెదకవచ్చును.

ఇందొక మెలకువ కలదు. నా మిత్రుడు దీపములలోని బల్బులను తీయకయే స్విచ్చి త్రిప్పి, పరీక్ష బల్బు వెలుగగానే షార్టు దొరకెనని సంతోషించెను. అది దోషపు వెలుగు కాదు. దీపములు తమకు కావలసిన ప్రవాహమును తాము లాగుకొనుచుండెను, అంతే. కావున కారు దీపముల బల్బులన్నిటిని ముందుగా తీసివేయవలెను. అటుపిమ్మట వెలిగినచో అది దోషమే.

బల్బులన్నియు తీసితిమి. స్విచ్చి కట్టియుండగా పరీక్ష బల్బు వెలుగలేదు. చిన్న వెలుగునకు త్రిప్పితిమి, లేదు. పెద్ద వెలుగునకు త్రిప్పగా నిండుగ వెలిగెను. అనగా గండి ఆ యొక్క కాలువలోనే యున్నది. ముందరి దీపముల వెనుకనున్న ప్లగ్గులను రెండిటిని ఊడదీసితిమి. అప్పటికిని వెలుగుచునే యుండెను. కాబట్టి దీపపు గూళ్లు నిర్దోషులు, తీగయే దోషి. ఎడమ దీపమునకు పోవు తీగను కదల్చితిమి, మార్పు లేదు. కుడిప్రక్క తీగను కదల్చగానే బల్బు ఆరి మరల వెలిగెను. ఇనుప గొట్టమునుండి ఆ తీగను లాగి చూడగా, గొట్టపు అంచు ఒరసి తొడుగు తెగి, బియ్యపు గింజంత రాగి బయటపడియుండెను.

ఇట్టి కారులలో ముఖ్యముగా చూడవలసిన తావులు మరి కొన్ని కలవు. స్టీరింగు గొట్టము అడుగుననే దీపముల స్విచ్చి యుండును. పైనుండి దిగిన నూనెయు దుమ్మును దానిలో పేరుకొనును. వెనుకదీపపు తీగ చట్రము వెంబడి పోవునప్పుడు రంధ్రముల అంచులకు ఒరయును. ఇంకను, ఇంజను ఆగియున్నను ఆమ్మీటరు ముల్లు ఖర్చు చూపుచున్నయెడల అది దీపముల దోషమే కానక్కరలేదు. డైనమో మీది కటౌటు నాలుకలు అంటుకొని, బ్యాటరీ డైనమోలోనికి ఖాళీయగుచుండవచ్చును. ఆ తీగ నొకదానిని ఊడదీసినచో నిజము తేలును.

మీ యూళ్లలోని ట్రాక్టరు దీపములకును ఈ పద్ధతియే పనికివచ్చును. వానికి 12 వోల్టుల బల్బు వాడవలెను. వానిలో సాధారణముగా చట్రమునకు కట్టబడునది రుణధ్రువమని గుర్తుంచుకొనవలెను.

నా మిత్రుని కారులో ఆ తీగను మార్చి, గొట్టపు అంచును ఆకురాయితో నునుపుచేసి, రబ్బరు తొడుగు పెట్టితిమి. ఫ్యూజు తన స్థానమునకు తిరిగి వచ్చెను. బ్యాటరీని చట్రమునుండి వేరుచేయు స్విచ్చి యొకటి కూడ, నేలపలక ఎత్తకయే చేతి కందునట్లు, ఆయన కోరి పెట్టించుకొనెను.