గింజ మనకు, గడ్డి గేదెకు
(మచిలీపట్నంలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడుకునే సభలో అన్నం గురించి చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను డాక్టరును కాను. కాలేజీ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి. పైగా తప్పు చేసి నేర్చుకున్నవాణ్ణి. సుగర్ ఉందని తెలిసిన కొత్తలో ఎవరో చెప్పిన మాట పట్టుకుని రెండు పూటలా అన్నం మానేశాను. మాత్రలు మాత్రం మానలేదు. నాలుగో రోజు ఉదయం కోనేరు సెంటరులో కూరల సంచీతో నిలబడ్డవాణ్ణి, ఒళ్లంతా చెమటలు పట్టి అక్కడే కూలబడ్డాను. టీకొట్టు అబ్బాయి పంచదార నీళ్లు తాగించాడు. “మాత్ర వేసుకుని తిండి మానేస్తే ఎలాగండీ మాస్టారూ?” అని డాక్టరుగారు మందలించారు. అందుకే ఈ నాలుగు మాటలు.

మన చేలో వరి మొక్కనే తీసుకోండి. గింజలోని పిండిపదార్థము గ్లూకోజు అణువుల గొలుసు. గడ్డిలోని సెల్యులోజు కూడా గ్లూకోజు గొలుసే. తేడా అంతా లంకె వేసిన తీరులో ఉంది. మొదటి లంకెను మన ఎంజైములు తెంచగలవు. రెండోదాన్ని తెంచే ఎంజైము మన ఒంట్లో లేదు. గేదె కడుపులోని సూక్ష్మజీవులు తెంచగలవు గనుక గడ్డి దానికి ఆహారం అవుతోంది. ఇలా మన చిన్నపేగులో అరగకుండా ముందుకు పోయే పదార్థాలనే పీచు అంటున్నాము.

అరగనిది తినడం దేనికి అని మీరడగవచ్చు. కొంత పీచు నీటిని పట్టుకుని విరేచనం సాఫీగా అయ్యేట్టు చూస్తుంది. మన వయస్సులో అది ఎంత పెద్ద సంగతో వేరే చెప్పనక్కరలేదు. మెంతులలో ఉండేటటువంటి జిగురు పీచు, భోజనంలోని చక్కెర రక్తంలోకి ఒక్కసారిగా కాక నెమ్మదిగా చేరేట్టు చేస్తుంది. మరికొంత పెద్దపేగులో మేలుచేసే సూక్ష్మజీవులకు మేత.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక ఈ డెల్టా వరిసీమ అయింది. రోకలితో దంచుకున్న రోజుల్లో గింజకు తవుడు కొంత మిగిలేది. మరలు వచ్చి బియ్యం మల్లెపూవులా తెల్లబడింది, తవుడు గేదెల కుడితిలోకి పోయింది. దానితోపాటు విటమిన్ బి-1 కూడా పోయింది. ఉప్పుడు బియ్యంలో ఆ విటమిను గింజ లోపలికి ఇంకి నిలుస్తుంది. మరపట్టిన పచ్చిబియ్యం తినే మన ఉత్తర సర్కారు జిల్లాలను బెరిబెరి పట్టి పీడించింది. ఆ జబ్బు మీద పరిశోధనకు 1918లో కూనూరులో సర్ రాబర్ట్ మెక్కారిసన్ ఒక్క గదిలో ప్రారంభించిన కేంద్రమే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే. ఆ నాటి బెరిబెరి పోయింది. తవుడుతో పోయిన పీచు మాత్రం మన కంచంలోకి తిరిగి రాలేదు.

ఆ సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారం 100 గ్రాములకు తెల్లబియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. ముడిబియ్యంలో 4 గ్రాముల పైచిలుకు. జొన్నల్లో 10, రాగుల్లో 11, పొట్టుతో ఉన్న పెసలలో 17 గ్రాములు. రోజుకు 2000 కాలరీలు తినేవారికి 30 గ్రాముల పీచు కావాలంటారు. అంటే ముడిబియ్యానికి మారినంత మాత్రాన లెక్క సరిపోదు. వరి కోశాక మన మాగాణుల్లో పండేవి పెసలు, మినుములే గదా! ఒక గరిటె అన్నం తగ్గించి, ఆ చోట పొట్టు పెసలు, ఆకుకూర, చిక్కుడు పెట్టమంటున్నాను. పెసరట్టుకు పొట్టు కడిగి పారేయకండి. పండ్ల రసానికి బదులు జామకాయ కొరికి తినండి. బందరు లడ్డు శనగపిండిదే గదా అని మాత్రం వాదించకండి, అందులో బెల్లం, నెయ్యి కూడా ఉన్నాయి. మనవడి చేతిలోది చిన్న ముక్క తుంచుకుంటే చాలు.

కొన్ని జాగ్రత్తలు. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది, వారాల మీద నెమ్మదిగా పెంచండి. తగినన్ని నీళ్లు తాగండి. మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు పప్పులు, నీళ్లు ఎంతవరకో డాక్టరును అడగాలి. సుగర్ మాత్రలు, ఇన్సులిను వాడేవారు అన్నం తగ్గించేముందే డాక్టరుకు చెప్పండి. నాలా కోనేరు సెంటరులో పడిపోవద్దు.

ఇంట్లో వంట చేసే తల్లులకూ, కోడళ్లకూ ఒక మనవి. పెద్దాయనకు వేరే వంట అక్కరలేదు. ఇదే భోజనం పిల్లలకూ మంచిదే.

ఏటేటా లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడానికి మనమందరం మన కాళ్ల మీద నడిచి రావాలని కోరుకుంటున్నాను.