అడుగక ముందే కడుగవలసిన చేతులు

(కొత్తగూడెములో వైద్య, నర్సింగ్ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగము)



నేను వైద్యుడను కాను, సంఘ కాపరిని. అయినను రోగుల మంచముల యొద్దకు వెళ్ళుట నా పనిలో భాగము గనుక, ఆసుపత్రిలో అంటుకొను రోగములను గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు సాహసించుచున్నాను.

కొన్ని సంవత్సరముల క్రితము ఒక ఆసుపత్రి వార్డులో ఒక్కొక్క రోగి తలపై చెయ్యి ఉంచి ప్రార్థించుచు వెళ్ళుచున్నాను. మూడవ మంచము దగ్గర ఒక నర్సింగ్ విద్యార్థిని మెల్లగా, "అయ్యగారూ, ముందు చేతులు కడుక్కొని రండి. ఆ మొదటి మంచం ఆయనకు పుండు చీము పట్టింది. ఈమెకు నిన్ననే ఆపరేషన్ అయింది" అన్నది. నిజము చెప్పవలెనంటే నాకు కోపము వచ్చినది. ప్రార్థన చేయు చేతులకు మైల ఏమిటి అనుకొన్నాను. ఆ రాత్రి ఆలోచించగా సిగ్గు కలిగినది. ఆశీర్వదించుచున్నానని నేను తలంచిన చెయ్యి, ఒక మంచము నుండి మరియొక మంచమునకు రోగమును మోయగలదు గదా!

చదువుకొన్నవారు కూడ ఇట్లే పొరపడిరి. 1847లో వియన్నా నగర ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు ఒక సంగతి కనిపెట్టెను. వైద్య విద్యార్థులు శవపరీక్ష గది నుండి తిన్నగా కాన్పుల వార్డుకు వచ్చుచుండిరి. ఆ వార్డులో ఏప్రిల్ నెలలో నూటికి 18 మంది తల్లులు మరణించిరి. సున్నపు క్లోరిన్ నీటితో చేతులు కడుగవలెనని ఆయన మే నెలలో నియమము పెట్టగా, జూన్ నాటికి అది నూటికి సుమారు ఇద్దరికి తగ్గెను. మందు మారలేదు, చేతులు మారినవి.

అది పాత కథ అని అనుకొనవద్దు. 2022 ఆగస్టులో మన రాష్ట్రములోనే ఇబ్రహీంపట్నములో 34 మంది స్త్రీలు ఒకే దినమున కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించుకొనగా, నలుగురు తల్లులు మరణించిరి. ఆసుపత్రిలో చేరిన వందమందిలో ధనిక దేశములలో ఏడుగురికి, మనవంటి దేశములలో పదిహేను మందికి అక్కడనే క్రొత్త ఇన్ఫెక్షన్ సోకుచున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తెలిపినది. జాగ్రత్తపడిన యెడల వీటిలో అధిక భాగము ఆపదగినవే.

మరి చేయవలసినదేమి? రోగిని తాకక ముందు. సూది, ట్యూబు, కట్టు పనికి ముందు. రక్తము, చీము, మూత్రము అంటిన తరువాత. రోగిని తాకిన తరువాత. అతని మంచమును, సామానును తాకిన తరువాత - ఈ అయిదు వేళల చేతులు శుభ్రపరచుకొనండి. సబ్బు, నీటితో 40 నుండి 60 సెకన్లు; చేతులకు మురికి కనబడనప్పుడు స్పిరిట్ ద్రవముతో 20 నుండి 30 సెకన్లు చాలును. గ్లవుజులు తొడిగితిమి గదా అని కడుగుట మానవద్దు. మూత్రపు గొట్టము అవసరము తీరిన వెంటనే తీయవలెనని పెద్దలకు గుర్తుచేయండి. వాడిన సూదికి మూత మరల తొడుగక, సూదుల డబ్బాలోనే వేయండి.

ప్రియులారా, మీ యొద్దకు వచ్చు రోగి ఎవరు? గోదావరి దాటి చర్ల, దుమ్ముగూడెము నుండి, గుండాల అడవి పల్లెల నుండి వచ్చు కోయ తల్లి. "డాక్టరుగారూ, చేతులు కడుక్కున్నారా?" అని ఆమె అడుగలేదు. అడుగవచ్చునని కూడ ఆమెకు తెలియదు. ఆమె అడుగలేదు గనుకనే మీరు అడుగక ముందే కడుగవలెను. పెద్ద డాక్టరుగారు మరచిన యెడల, ఆమె పక్షమున మీరే వినయముతో జ్ఞాపకము చేయవలెను. ఆ విద్యార్థిని నాకు చేసిన మేలు అదియే.

సువార్తలలో రెండు కడుగుటలు కలవు. పిలాతు జనసమూహము ఎదుట చేతులు కడుగుకొని బాధ్యతను వదలుకొనెను. ప్రభువు నడుమునకు తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగి, సేవను తనమీద వేసికొనెను. మీరు వార్డులో కుళాయి విప్పునప్పుడెల్ల, ఈ రెండింటిలో ఏది మీదో తలంచుకొనండి.

ప్రభువు మీ చేతులను దీవించును గాక. ఆమేన్.