నీటి మీద గాలి జాడ

గాలి కంటికి కనిపించదు. దాన్ని 700 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఉపగ్రహం కొలుస్తుందంటే నమ్మడం కష్టమే. నిజానికి అది కొలిచేది గాలిని కాదు, గాలి నీటి మీద లేపిన గరుకుదనాన్ని. గాలి తగలగానే సముద్రం మీద కొద్ది సెంటీమీటర్ల పొడవున్న చిరు అలలు లేస్తాయి. ఉపగ్రహంలోని రాడార్ పంపే తరంగాల పొడవూ దాదాపు అంతే. నునుపైన నీరు ఏటవాలుగా పడిన తరంగాలను అద్దంలా అవతలికి తోసేస్తుంది, గరుకు నీరు కొంత వెనక్కి పంపుతుంది. గాలి పెరిగేకొద్దీ ఆ తిరుగు సంకేతం బలపడుతుంది. ఒకే చోటును వేర్వేరు దిక్కుల నుంచి చూస్తే, సంకేతంలోని తేడా గాలి దిశనూ పట్టిస్తుంది. శ్రీహరికోట నుంచి 2009లో వెళ్లిన ఓషన్‌శాట్-2, 2016లో వెళ్లిన స్కాట్‌శాట్-1 ఉపగ్రహాలు మోసుకెళ్లింది ఇలాంటి రాడార్‌నే.

వానలో ఈ లెక్క తప్పదా అని అడగవచ్చు. తప్పుతుంది. చినుకులు తరంగాలను చెదరగొడతాయి, నీటిని మరోలా గరుకు చేస్తాయి. తుపాను నడిబొడ్డున వీచే అతి తీవ్రమైన గాలులను ఈ రాడార్ తరచు తక్కువ చేసి చూపుతుంది. మరి సముద్రంలో తేలే బోయాలు, తిరిగే ఓడలు తీసే గాలి కొలతలు చాలవా? బోయా మాట నమ్మదగినదే, కానీ అది తానున్న చోటి మాట మాత్రమే. ఓడలు తుపానుకు దూరంగా తప్పుకుంటాయి, తప్పుకోవాలి కూడా. కనుక అవసరమైన చోటే వాటి కొలతలు కరవు. బంగాళాఖాతంలో గాలి ఎక్కడ సుడి తిరగడం మొదలెట్టిందో తెలియాలంటే వందల కిలోమీటర్ల మేర ఒకేసారి చూడాలి. అందుకే బోయాలతో సరిచూసుకుంటూ, వాన పడ్డ చోట్లను గుర్తించి పక్కనపెడుతూ ఉపగ్రహ కొలతలను వాడతారు. హెచ్చరిక ఒక పూట ముందు అందితే, కాకినాడ నుంచి వేటకు వెళ్లిన పడవలకు ఒడ్డు చేరే వ్యవధి దొరుకుతుంది.